నెట్టీ చూసిన ఇరవయ్యో ముక్క

మూడో కాన్పులోనూ ఆడపిల్లే అని తెలియగానే ఆస్పత్రి వరండాలో ముఖాలు ఎలా మాడిపోతాయో మనకి ఒకరు చెప్పాలా! బాలింతకి కాఫీ గ్లాసు అందించే చేతిలో కూడా విసురు కనిపిస్తుంది. దోషమంతా ఆ పిల్ల కడుపుదే అన్నట్టు మాట్లాడతారు. ఆ మాటకి ఆధారం లేదని మైక్రోస్కోపు పెట్టి చూపించింది ఒక ఆడమనిషే. ఆవిడకి పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. అమెరికాలో ఒక వడ్రంగి కూతురు. పేరు నెట్టీ మరియా స్టీవెన్స్. ఆ సంగతి ఆవిడ అచ్చులో పెట్టింది 1905లో. అంటే నూరేళ్లు దాటిపోయింది!

నెట్టీ 1861 జూలై 7న వెర్మాంట్ రాష్ట్రంలోని కావెండిష్ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి ఎఫ్రాయిమ్, తల్లి జూలియా. నెట్టీ కంటే ముందు పుట్టిన మగపిల్లలిద్దరూ చిన్నతనంలోనే పోయారు. నెట్టీకి ఇంకా రెండేళ్లు నిండీ నిండకముందే తల్లి కూడా కన్నుమూసింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుని కుటుంబాన్ని మసాచుసెట్స్‌లోని వెస్ట్‌ఫర్డ్‌కి మార్చాడు. వడ్రంగం మీద నాలుగు రాళ్లు బాగానే సంపాదించాడు. ఆ డబ్బుని ఆయన నెట్టీకీ, చెల్లెలు ఎమ్మాకీ చదువు చెప్పించడానికి వాడాడు. ఇద్దరూ వెస్ట్‌ఫర్డ్ అకాడమీలో చదివారు. పదేళ్ల పైచిలుకు కాలంలో ఆ స్కూలు నుంచి చదువు పూర్తిచేసుకు బయటికొచ్చిన ఆడపిల్లలు ముగ్గురే. అందులో ఇద్దరు ఈ అక్కచెల్లెళ్లు.

1880లో స్కూలు చదువు అయిపోయింది. ఆ రోజుల్లో చదువుకున్న ఆడపిల్లకి ఉన్న దారులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పంతులమ్మ ఉద్యోగం, నర్సు పని, లేదంటే ఆఫీసుల్లో రాతకోతలు. నెట్టీ పంతులమ్మ అయింది. లాటిన్, ఇంగ్లీషు, లెక్కలు, జంతుశాస్త్రం... ఏది చెప్పమంటే అది చెప్పింది. మధ్యలో వెస్ట్‌ఫీల్డ్ నార్మల్ స్కూల్లో చేరి నాలుగేళ్ల కోర్సుని రెండేళ్లలో ముగించి 1883లో అందరికంటే ఎక్కువ మార్కులతో బయటికొచ్చింది. తర్వాత మళ్లీ ఉద్యోగం. కొన్నాళ్లు పాఠాలు, కొన్నాళ్లు లైబ్రరీ పని. ఇలా ఒకటి కాదు రెండు కాదు, పదమూడేళ్లు గడిచిపోయాయి.

ఆ పదమూడేళ్ల గురించి పుస్తకాల్లో పెద్దగా ఏమీ కనిపించదు. నాకు మాత్రం ఆవిడ జీవితంలో ఎక్కువ ఆసక్తి కలిగించేది ఆ ఖాళీయే. జీతంలో ప్రతి నెలా కొంత పక్కన పెట్టుకుంటూ పోయింది. పెళ్లికీ కాదు, నగలకీ కాదు, చదువుకోవడానికి! 1896లో, 35 ఏళ్ల వయసులో, మూటాముల్లే సర్దుకుని దేశానికి ఆ చివరనున్న కాలిఫోర్నియా వెళ్లి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో విద్యార్థినిగా చేరింది. ముప్పై ఐదేళ్లకి డిగ్రీ మొదటి సంవత్సరం! మనలో ఆ వయసుకి పిల్లల హోంవర్కులు చూడటంలో పడిపోయినవాళ్లం ఎంతమందిమో.

స్టాన్‌ఫర్డ్‌నే ఎంచుకోవడానికి కారణం లేకపోలేదు. ఆ యూనివర్సిటీ పెట్టి అప్పటికి అయిదేళ్లే. మొదటి రోజు నుంచీ ఆడవాళ్లని చేర్చుకున్నారు. పైగా అప్పట్లో అక్కడ చదువుకి ఫీజు లేదు. విచిత్రం ఏమిటంటే ఆడపిల్లలు మరీ ఎక్కువమంది వచ్చేస్తున్నారని కంగారుపడి, 500 మందికి మించి చేర్చుకోకూడదని 1899లో అక్కడే రూలు పెట్టారు. నెట్టీ సరిగ్గా ఆ ఏడే బి.ఏ. పూర్తిచేసింది. మరుసటి ఏడు ఎం.ఏ. వేసవి సెలవుల్లో ఆవిడ ఇంటికి పోలేదు. పసిఫిక్ గ్రోవ్‌లో సముద్రం ఒడ్డునున్న లేబొరేటరీలో నీటి జీవుల్ని మైక్రోస్కోపు కింద పెట్టుకుని కూర్చుంది. తండ్రి, చెల్లెలు కూడా కాలిఫోర్నియాకే వచ్చేశారు.

ఎం.ఏ. అయ్యాక పెన్సిల్వేనియాలో ఆడవాళ్ల కాలేజీ బ్రిన్ మార్‌లో పరిశోధనకి చేరింది. పేరుకి చిన్న కాలేజీ గానీ జీవశాస్త్రానికి అక్కడున్న ప్రొఫెసర్లు సామాన్యులు కారు. ఎడ్మండ్ విల్సన్ అక్కడ పాఠాలు చెప్పి వెళ్లాడు. నెట్టీ వచ్చేసరికి థామస్ హంట్ మోర్గాన్ ఉన్నాడు. ఈ మోర్గానే తర్వాత 1933లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆయనకి నెట్టీ శిష్యురాలు, కానీ వయసులో ఆయన కంటే అయిదేళ్లు పెద్దది.

చేరిన కొద్ది నెలలకే కాలేజీ వాళ్లు ఫెలోషిప్ ఇచ్చి యూరప్ పంపారు. ఇటలీలో నేపుల్స్ సముద్ర పరిశోధనా కేంద్రానికీ, జర్మనీలో వుర్ట్స్‌బుర్గ్‌లో ఉన్న థియోడర్ బొవేరి లేబొరేటరీకీ వెళ్లింది. ఈ బొవేరిని గుర్తుపెట్టుకోండి, కథలో ఆయన మళ్లీ వస్తాడు. ముళ్ల బంతిలా ఉండే ఒక సముద్ర జీవి గుడ్ల మీద ప్రయోగాలు చేసి, క్రోమోజోముల్లో ఏ ఒక్కటి తక్కువైనా బిడ్డ సరిగా ఎదగదనీ, అవన్నీ ఒకేలాంటివి కావనీ, దేని పని దానిదేననీ ఆయన తేల్చాడు. ఆయన మీద గౌరవంతో నెట్టీ తాను కనిపెట్టిన ఒక సూక్ష్మజీవి జాతికి బొవేరియా అని పేరు పెట్టింది. నేపుల్స్ కేంద్రంలో ఆడవాళ్లు పనిచేసుకోవడానికి ఒక బల్ల కోసం అమెరికాలోని ఆడవాళ్లే సంఘం పెట్టుకుని డబ్బు కట్టేవారు. తిరిగొచ్చాక 1903లో నెట్టీ పిహెచ్.డి. పట్టా తీసుకుంది.

పట్టా అయితే వచ్చింది. ఉద్యోగం ఏదీ? దాచుకున్న డబ్బు కరిగిపోయింది. పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరితే పరిశోధనకి టైముండదు, చేరకపోతే తిండికి జరగదు. నలభై దాటిన మనిషికి ఎంత బెంగో ఆలోచించండి. వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థకి సాయం కోసం దరఖాస్తు పెట్టుకుంది. మోర్గాన్ సిఫార్సు ఉత్తరం రాశాడు. పన్నెండేళ్లలో తన దగ్గర చదివినవాళ్లలో ఇంత సమర్థంగా, సొంతంగా పనిచేయగల మనిషిని చూడలేదన్నది ఆ ఉత్తరం సారాంశం. ఈ మాట కూడా గుర్తుంచుకోండి, ఎందుకో ముందు తెలుస్తుంది. కార్నెగీ వాళ్లు 1904లో సాయం ఇచ్చారు. 1905లో నేపుల్స్ బల్ల నడిపే ఆ ఆడవాళ్ల సంఘం కూడా, మొక్కలకి పట్టే పేనుబంక పురుగుల మీద ఆవిడ రాసిన వ్యాసానికి వెయ్యి డాలర్ల బహుమతి ఇచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బిడ్డ ఆడో మగో నిర్ణయించేది ఏది? ఈ ప్రశ్న అరిస్టాటిల్ నాటి నుంచీ ఉంది. తండ్రి ఒంట్లో వేడిని బట్టి అని ఆయన అన్నాడు. 1889లో ఇద్దరు స్కాట్లండ్ పండితులు పెద్ద గ్రంథమే రాశారు. పుష్టిగా తిండి దొరికితే ఆడ, అరకొరగా దొరికితే మగ అని వాళ్ల వాదన. అంటే ఆ లెక్కన కూడా నిర్ణయం తల్లి ఒంట్లో, తల్లి తిండిలోనే ఉందన్నమాట. చలి, వేడి, తిండి, వయసు... అందరూ బయట వెతికారు. 1902లో మెక్‌క్లంగ్ అనే ఆయన మిడతల్ని చూసి, ఒక అదనపు క్రోమోజోము ఈ పని చేస్తుందేమో అన్నాడు. దారి సరైనదే గానీ ఆయన లెక్క తిరగబడింది. ఆడ మిడతలో ఎన్ని ఉన్నాయో సరిగ్గా లెక్క కుదరలేదు.

క్రోమోజోము అంటే ఏదో గ్రహాంతర పదార్థం కాదు. మన ఒంట్లో దాదాపు ప్రతి కణం మధ్యా ఒక గట్టి బొట్టులాంటిది ఉంటుంది, కేంద్రకం అంటారు. కణం రెండుగా చీలే సమయంలో దానికి రంగు వేస్తే లోపల చిన్న చిన్న దారపు ముక్కలు కనిపిస్తాయి. అవే క్రోమోజోములు. అమ్మ పోలిక, నాన్న పోలిక అని మనం చెప్పుకునేదంతా వాటిలోనే ఉంటుంది. మనుషుల్లో అయితే ఇవి 46. నెట్టీ ఎంచుకున్న పురుగులో 20.

ఆ పురుగేమిటో తెలుసా? పిండిపురుగు! నిలవున్న పిండిలో, తవుడులో చేరి పాకే పసుపుపచ్చ పురుగు. పెద్దదై రెక్కలొస్తే నల్లటి పెంకు పురుగు అవుతుంది. మనం జల్లించి పారబోసే ఆ పురుగుల్ని ఆవిడ పెంచి, కోసి, బీజాల్ని బయటికి తీసి, మైనంలో పొదిగి, కాగితం కంటే పల్చటి పొరలుగా తరిగి, గాజుపలక మీద రంగు అద్ది, ఒక్కో కణంలో ముక్కల్ని లెక్కపెట్టింది. చూసిన ప్రతిదాన్నీ చేత్తో బొమ్మ గీసింది. కళ్లు లాగుతుంటాయి, మెడ పట్టేస్తుంది. బియ్యంలో రాళ్లు ఏరినవాళ్లకి ఆ ఓపిక ఏమిటో కొంత తెలుస్తుంది.

ఆడ పురుగు కణంలో 20 ముక్కలూ పెద్దవే. మగ పురుగు కణంలో 19 పెద్దవి, ఇరవయ్యోది మాత్రం ఇంతే, చిన్నది. వీర్యకణాలు తయారయ్యేటప్పుడు ఈ ఇరవై సగానికి సగం పంచుకుంటాయి. అంటే సగం వీర్యకణాలకి పది పెద్ద ముక్కలు వస్తాయి, మిగతా సగానికి తొమ్మిది పెద్దవి, ఒక చిన్నది. అండాలకి మాత్రం ఎప్పుడూ పది పెద్దవే. ఇంకేముంది! పది పెద్దవున్న వీర్యకణం అండాన్ని చేరితే మొత్తం ఇరవై పెద్దవి, ఆడ పురుగు. చిన్న ముక్కున్నది చేరితే మగ పురుగు. తల్లి ఇచ్చేది రెండు సందర్భాల్లోనూ ఒకటే. తేడా వచ్చేది తండ్రి నుంచి. నిర్ణయం గర్భం కట్టిన క్షణంలోనే అయిపోతుంది. తల్లి తిన్న తిండికీ, పడుకున్న దిక్కుకీ దాంతో సంబంధం లేదు.

ఆ చిన్న ముక్కకే తర్వాత వై క్రోమోజోము అని పేరొచ్చింది. దాని జత ఎక్స్. ఈ పేర్లు స్థిరపరిచింది విల్సన్.

అలాగని నేరం ఇప్పుడు మొగుడి మీదికి నెట్టేయడం కూడా న్యాయం కాదు. ఎక్స్ ఉన్న కణం, వై ఉన్న కణం దాదాపు సగం సగం తయారవుతాయి. వాటిల్లో ఏది ముందు చేరుతుందన్నది ఆయన చేతిలోనూ లేదు. వరుసగా ముగ్గురు ఆడపిల్లలు పుట్టడం నాణెం మూడుసార్లు బొరుసు పడటం లాంటిదే.

1905లో అచ్చయిన ఆ పుస్తకంలో నెట్టీ ఎక్కడా గొప్పలకి పోలేదు. ఈ పురుగులో ఇలా ఉంది, మిగతావాటిలోనూ చూడాలి అన్న ధోరణిలోనే రాసింది. చూసింది కూడా. తర్వాతి ఏళ్లలో దాదాపు 50 జాతుల పెంకు పురుగుల్నీ, రకరకాల ఈగల్నీ కోసి లెక్కపెట్టింది. కొన్నింటిలో ఎక్స్, వై రెండూ, కొన్నింటిలో వై అసలే లేకుండా ఎక్స్ ఒక్కటే. అంటే వై ఉండటం వల్ల మగ అవుతుందా, ఎక్స్ ఒక్కటే కావడం వల్ల మగ అవుతుందా అన్న ప్రశ్న అప్పటికింకా తేలలేదు. తేలనిదాన్ని తేలిందని ఆవిడ చెప్పలేదు.

అదే 1905లో కొలంబియా యూనివర్సిటీలో విల్సన్ కూడా వేరే పురుగుల్లో ఇంచుమించు ఇదే చూశాడు. ఇద్దరూ ఎవరికి వారే చేసిన పని అది. అయితే ఆయన అప్పటికే పేరుమోసిన ప్రొఫెసరు, పాఠ్యపుస్తకం రాసినవాడు. కొత్తలో ఆయన తిండి, వాతావరణం లాంటి వాటికి కూడా కొంత చోటు ఉంచాడు. నెట్టీ మాత్రం క్రోమోజోముల మీదే గట్టిగా నిలబడింది. తర్వాత పుస్తకాల్లో పేరు ఎవరిది ముందు వచ్చిందో మీరు ఊహించగలరు. చాలాకాలం విల్సన్ ఒక్కడిదే వచ్చింది. మరీ అన్యాయం ఏమిటంటే కొన్నిచోట్ల మోర్గాన్‌కి కట్టబెట్టారు. మోర్గాన్ అయితే 1910లో తెల్లకళ్ల పండు ఈగ తన లేబొరేటరీలో కనబడేదాకా ఈ సంగతిని నమ్మనే లేదు!

నెట్టీకి బ్రిన్ మార్‌లో చివరిదాకా దక్కింది అసోసియేట్ అనే ఉద్యోగమే. పాఠాలు చెప్పింది, విద్యార్థినుల్ని పరిశోధనలోకి దింపింది, 1908-09లో మళ్లీ వుర్ట్స్‌బుర్గ్ వెళ్లి బొవేరి దగ్గర ఒక ఏడాది గడిపింది. పిహెచ్.డి. తర్వాత పనిచేయడానికి దొరికింది తొమ్మిదేళ్లే. మొత్తం మీద దాదాపు 40 పరిశోధన వ్యాసాలు రాసింది. కాలేజీ వాళ్లు చివరికి మేలుకుని ఆవిడ కోసమే ప్రత్యేకంగా ఒక పరిశోధన ప్రొఫెసరు పదవి సృష్టించారు. ఆ కుర్చీలో ఆవిడ కూర్చోలేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చి 1912 మే 4న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో చనిపోయింది. వయసు 50. వెస్ట్‌ఫర్డ్‌లో తండ్రి, చెల్లెలితో పాటే ఆవిడ సమాధి కూడా ఉంది.

మోర్గాన్ సంతాప వ్యాసం రాశాడు. ఓపికనీ, చూపులోని పదునునీ మెచ్చుకున్నాడు, పెద్ద ఆవిష్కరణలో ఆవిడకి భాగం ఉందని ఒప్పుకున్నాడు. కానీ దాన్నుంచి విశాలమైన చూపుకి ఎదగగల స్ఫూర్తి ఆవిడలో కొంత తక్కువన్న అర్థం వచ్చే మాట కూడా చేర్చాడు. తొమ్మిదేళ్ల ముందు సిఫార్సు ఉత్తరం రాసినదీ ఆయనే కదా! పని కావాలన్నప్పుడు ఒక తూకం, పేరు పంచుకోవాల్సి వచ్చినప్పుడు ఇంకో తూకం అనిపించింది నాకైతే.

నెట్టీ పోయిన తర్వాత వై క్రోమోజోము కథ ఆగలేదు. మనుషుల్లోనూ ఎక్స్, వై ఉన్నాయని 1923లో పెయింటర్ అనే శాస్త్రవేత్త చూపించాడు. మనుషుల్లో మగతనానికి కీలకం ఆ వై ఉండటమేనని 1959లో తేలింది. అందులో ఏ జన్యువు ఆ పని మొదలుపెడుతుందో లండన్ శాస్త్రవేత్తలు 1990లో పట్టుకున్నారు. ఆ వై మొత్తాన్నీ, 6 కోట్ల 20 లక్షలకు పైగా అక్షరాల్ని, మొదటి నుంచి చివరిదాకా ఖాళీ లేకుండా చదవగలిగింది మాత్రం 2023లోనే. ఇంత చిన్న ముక్కని చదవడానికి ఇంత ఆలస్యం ఎందుకంటే, ఒకేలాంటి అక్షరాల వరసలు మళ్లీ మళ్లీ రాసి ఉండటం వల్ల చదివేవాళ్లు దారి తప్పిపోయేవారు.

అలా మళ్లీ మళ్లీ రాసి ఉన్నవాటిలో ఒకదాని పేరు టి.ఎస్.పి.వై. ఒకే మగవాడిలో దీని ప్రతులు పదుల్లో ఉంటాయి, మనిషికీ మనిషికీ లెక్క మారుతుంది. ఇది మామూలుగా బీజాల్లో పనిచేస్తుంది. వీర్యానికి మూలమైన కణాల్ని పెరగమని ప్రోత్సహిస్తుంది. మగవాడి బీజంలో, తన చోట తాను ఉన్నంతకాలం దీనితో పేచీ లేదు.

పేచీ ఎక్కడొస్తుందంటే... పుట్టుకతో ఆడపిల్లే, పైకి అంతా ఆడపిల్లే, కానీ కణాల్లో వై క్రోమోజోమో, దాని ముక్కో ఉన్న అమ్మాయిలు కొందరుంటారు. స్వయ్యర్ సిండ్రోమ్ అని ఒకటి. ఎక్స్, వై రెండూ ఉన్నా బీజాలు రూపం దిద్దుకోవు, ఆడపిల్లగానే పెరుగుతుంది. టర్నర్ సిండ్రోమ్ అని ఇంకొకటి. దాదాపు 2500 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఉంటుంది, ఒక ఎక్స్ లోపిస్తుంది, పొట్టిగా ఉంటారు. వీళ్లలో కొద్దిమందికి కొన్ని కణాల్లో వై ముక్క కనిపిస్తుంది. వీళ్ల కడుపులో అండాశయాలు ఉండాల్సిన చోట పూర్తిగా ఎదగని నారలాంటి పట్టీలు ఉంటాయి. వాటిలో చిక్కుకున్న బీజకణాలు అండంగానూ మారలేవు, వీర్యంగానూ మారలేవు. పెరగమని చెప్పే జన్యువు మాత్రం చెబుతూనే ఉంటుంది. పొయ్యి మీద పాలు, దించే మనిషి లేరు! అలా పొంగినప్పుడు వచ్చే గడ్డనే గొనాడోబ్లాస్టోమా అంటారు. 1953లో స్కలీ అనే వైద్యుడు మొదట దీన్ని వర్ణించాడు. అది తర్వాత ముదిరి బీజకణ క్యాన్సర్‌గా మారవచ్చు. దీనికి కారణమైన జన్యువు వై మీదే ఒకచోట ఉండాలని 1987లో డేవిడ్ పేజ్ ప్రతిపాదించాడు. ఆ చోట వెతికినవాళ్లందరి వేళ్లూ ఎక్కువగా చూపించింది ఈ టి.ఎస్.పి.వై.నే.

క్రోమోజోముల తారుమారు వల్లే క్యాన్సర్ పుడుతుందని మొదట పుస్తకం రాసింది ఎవరనుకున్నారు? బొవేరి! నెట్టీ పోయిన రెండేళ్లకి, 1914లో. ఆ జర్మన్ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది ఆయన భార్య మార్సెలా. ఆవిడా అమెరికాలో జీవశాస్త్రం బోధించిన మనిషే. భర్త పోయాక 1929లో అనువాదం వెలువరించింది.

తల్లులకి పనికొచ్చే మాట ఇక్కడ ఒకటి చెప్పాలి. అమ్మాయికి పదిహేను, పదహారు ఏళ్లొచ్చినా పెద్దమనిషి కాకపోతే మన ఇళ్లలో ఏం చేస్తాం? నలుగురికీ తెలిస్తే పెళ్లి కాదని దాస్తాం. మొక్కులు మొక్కుతాం. ఏడాది, రెండేళ్లు అలా జరిగిపోతాయి. చాలామందిలో కారణం చిన్నదే అయి ఉంటుంది. కానీ స్వయ్యర్ ఉన్న పిల్లలో ఆ పట్టీల్ని అలాగే వదిలేస్తే వందలో పదిహేను మందికి పైగానే గడ్డ వచ్చే ప్రమాదం ఉంది, అది కూడా చిన్న వయసులోనే. అందుకే దాచకుండా డాక్టరుకి చూపించాలి. కొద్దిగా రక్తం తీసి క్రోమోజోముల పరీక్ష చేస్తారు. వై కనిపిస్తే, ఎదగని ఆ పట్టీల్ని చిన్న ఆపరేషన్‌తో ముందే తీసేయమంటారు. వై ఉన్న ప్రతి అమ్మాయికీ వెంటనే కోయాలని కాదు. మగ హార్మోన్‌ని ఒళ్లు పట్టించుకోని ఇంకో రకం ఉంది, వాళ్లలో పెద్దయ్యేదాకా ఆగవచ్చు. ఏది ఏ రకమో తేల్చాల్సింది డాక్టరు. ఆ పిల్లని ఆడపిల్ల కాదనే హక్కు మాత్రం ఏ పరీక్షకీ లేదు, ఏ బంధువుకీ లేదు.

మగపిల్లల సంగతి వేరు. పదిహేను నుంచి నలభై ఏళ్ల లోపు మగవాళ్లకి వచ్చే క్యాన్సర్లలో బీజాలకి వచ్చేది ముఖ్యమైనది. అందులోనూ ఎక్కువ భాగం ఈ బీజకణాల గడ్డలే. వై క్రోమోజోములో ఒక చిన్న ముక్క లోపించినవాళ్లకి ఆ ప్రమాదం రెండింతల వరకూ పెరుగుతుందని 2005లో బయటపడింది. అయితే అలా లోపించినవాళ్లు తక్కువ, వాళ్లలోనూ చాలామందికి ఏ జబ్బూ రాదు. దానికంటే తల్లులు గమనించగలిగింది ఒకటుంది. పసివాడికి స్నానం చేయించేటప్పుడు బీజం సంచిలోకి దిగిందా లేదా అన్నది. ఆరు నెలలు దాటినా దిగకపోతే చూపించాలి, దిగనివాళ్లకి పెద్దయ్యాక ప్రమాదం ఎక్కువ. పెద్ద కుర్రాడు నొప్పి లేని గట్టి ఉండ ఉందని సిగ్గు వదిలి చెబితే కసరకూడదు. 1970ల్లో సిస్ప్లాటిన్ అనే మందు వచ్చినప్పటి నుంచీ ఇది బాగా నయమయ్యే క్యాన్సర్లలో ఒకటి. ఒంట్లో ఇతర చోట్లకి పాకినా చాలామంది బతికి బట్టకడుతున్నారు.

నెట్టీ పేరు మళ్లీ వినిపించడానికి చాలా కాలం పట్టింది. అమెరికాలో ప్రసిద్ధ మహిళల గౌరవ జాబితాలో 1994లో చేర్చారు. మన దేశంలో కడుపులోని బిడ్డ ఆడో మగో పరీక్ష చేసి చెప్పడాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే! ఆవిడ రెండేళ్లలో కోర్సు ముగించిన వెస్ట్‌ఫీల్డ్ స్కూలు ఇప్పుడు యూనివర్సిటీ అయింది. అక్కడ 2017లో కట్టిన సైన్స్ భవనానికి ఆవిడ పేరే పెట్టారు.

స్వయ్యర్ ఉన్న అమ్మాయిలకి అండాశయాలు లేకపోయినా గర్భాశయం ఉంటుంది. హార్మోన్ మాత్రలు ఇస్తే బహిష్టు వస్తుంది. వేరొకరి అండం సాయంతో గర్భం దాల్చి, నెలలు మోసి, బిడ్డని కన్నవాళ్లు ఉన్నారు. కణాల్లో వై క్రోమోజోము ఉన్న తల్లులు వాళ్లు.